ఊళ్ళో ఎవరికీ లేని పేరు

ఆ పేరు నేనిక్కడ రాయను. ఒక్క వానాకాలంలో ముప్పై రెండుసార్లు రాశాను, ఇక నా వల్ల కాదు. ఆడపిల్ల పేరు, మూడక్షరాలు. అంతవరకు తెలిస్తే చాలు మీకు.

నేను మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల గుమాస్తాని. నా బల్ల మీద రెండు పెద్ద పుస్తకాలుంటాయి. ఎడమవైపుది పుట్టినవాళ్ళది, కుడివైపుది పోయినవాళ్ళది. మధ్యలో నేనూ, నా కలమూ, చల్లారిపోయిన టీ గ్లాసూ. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి నుంచి కాగితం వస్తుంది. తేదీ, తల్లి, తండ్రి, బరువు అన్నీ ఉంటాయి, పేరు గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. పేరు అనుకున్నాక తల్లో తండ్రో వచ్చి ఆ గడి నింపించుకుని పోతారు. సగంమంది ఏమీ అనుకోకుండానే వస్తారు. "మీరే ఏదో ఒక మంచి పేరు చెప్పండి సార్" అని నా మొహంలోకి చూస్తారు. అందుకని సొరుగులో ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. పేర్లు, పక్కన అర్థాలు. ఊళ్ళో నన్ను పేర్ల మాస్టారు అంటారు. నాకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. కానీ వీధిలో నడుస్తుంటే నేను పెట్టిన పేర్లే నా కాళ్ళకి అడ్డంపడి ఆడుకుంటూ ఉంటాయి. ఎవరైనా ఆ మాట అంటే పైకి "ఆఁ, ఏముందిలెండి" అనేవాణ్ణి గానీ లోపల పొంగిపోయేవాణ్ణి. ఆ పొంగే కొంప ముంచింది.

మా అక్క చంటిపిల్లల బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. గౌను కుట్టి, గుండె మీద రంగు దారంతో బిడ్డ పేరు కుట్టి ఇస్తుంది. చీటీ మీద పేరు రాసి గుడ్డకి గుండుసూదితో గుచ్చి ఇచ్చి వెళ్తే, వారానికి గౌను తయారు. బావ బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు దారిమీదే ఉంటాడు. నేను వాళ్ళ మేడమీద గదిలో ఉంటాను, తిండి మాత్రం కిందే.

అక్క కడుపుతో ఉన్నప్పుడు నాకొక పని పెట్టింది. "ఒరేయ్, కుట్టిన పేర్లే కుట్టి కుట్టి నా వేళ్ళు అరిగిపోతున్నాయి. ఒక్క వీధిలో నలుగురికి ఒకటే పేరు. నా కూతురికి ఊళ్ళో ఎవరికీ లేని పేరు కావాలి. నీ పుస్తకాల్లో వెతుకు."

"కూతురే అని ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నా. నువ్వు వెతుకు."

నెల రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి పాత రిజిస్టర్లు తిరగేశాను. అంచులు పొడిపొడిగా రాలిపోయే పుస్తకంలో, డెబ్భై ఏళ్ళ కిందటి పేజీలో దొరికింది. ఒక పడవవాడి కూతురు. ఆ తర్వాత ఒక్కళ్ళూ పెట్టుకోలేదు. పాత నిఘంటువు తీసి చూస్తే ఒకే ఒక్క ముక్క ఉంది, వాన వెలిశాక ఆకుల మీద నిలిచే వెలుగు అని. అక్కకి చెప్పాను. ఇంకో పేరు చెప్పనివ్వలేదు నన్ను.

పిల్లకి టీకా వేయించిన రోజు సంగతి అక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మా ఆఫీసు ఆవరణలోనే ఆరోగ్య కేంద్రం ఉంది. బుధవారం బుధవారం చంటిపిల్లల తల్లులు వరండాలో బెంచీల మీద కూర్చుంటారు, నర్సమ్మ కార్డులు చూసి బిడ్డ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ రోజు నర్సమ్మ ఆ పేరు చదివి ఒక్క క్షణం ఆగిందట, తప్పుగా రాశారేమో అని మళ్ళీ చూసి మళ్ళీ పిలిచిందట. "వరండా వరండా అంతా తల తిప్పి చూసిందిరా. ఆ పేరుకి నేనొక్కదాన్నే లేచాను" అనేది అక్క. చెప్పిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచి మరీ చూపించేది.

ఇదంతా ముందు సంగతి. నేను చెప్పబోయేది పిల్లకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా వచ్చిన వానాకాలం గురించి.

తొలి వానలోనే పిల్లకి జ్వరం వచ్చింది. స్కూలు నుంచి తడిసి వచ్చింది, తలనొప్పి అంది, పడుకుంది. మొదటి రోజు మామూలు జ్వరం అన్నారు. రెండో రోజు ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు సాయంత్రానికి లేదు. తొమ్మిది నిండడానికి ఇంకా వారం ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితం నా బల్ల మీదకే వచ్చింది. ఇంకెక్కడికి పోతుంది! మా ఆఫీసరు మంచివాడే, తన గదిలోంచి లేచి వచ్చి, "నువ్వు పక్కకి జరుగయ్యా, నేను రాస్తాను" అన్నాడు.

"వద్దు సార్. పుట్టినప్పుడు నేనే రాశాను" అన్నాను.

కుడివైపు పుస్తకం తెరిచి రాశాను. చెయ్యి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు. ఇరవై ఏళ్ళ అలవాటు, గీత దాటకుండా, అక్షరం వంకర పోకుండా, గుండ్రంగా రాసిపడేశాను. మీద అద్దుడు కాగితం కూడా వేశాను.

పుస్తకం మూస్తుంటే ఎదురుగా ఎవరో గొడుగు దులుపుతున్నారు. వడ్రంగి. కనుబొమల మీద రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది.

"మూడోది కూడా ఆడపిల్లే మాస్టారూ" అన్నాడు నవ్వుతూ. పాపం, అతనికేం తెలుసు. "పెద్ద ఇద్దరికీ పేర్లు మీరే చెప్పారు. దీనికి కూడా మీ నోటితోనే రావాలి. మాంఛి పేరు చూసి చెప్పండి."

నేను సొరుగు తెరవలేదు. నోటుపుస్తకం తియ్యలేదు. నోరు దానంతటదే ఆ పేరు అనేసింది. అని ఊరుకుందా, అర్థం కూడా చెప్పింది. వాన వెలిశాక ఆకుల మీద నిలిచే వెలుగు. కిటికీ బయట నిజంగానే వాన వెలుస్తోంది. వడ్రంగి అటు తిరిగి చెట్టు వైపు చూశాడు.

"అబ్బ! ఎంత బాగుంది మాస్టారూ. ఒక చీటీ మీద రాసివ్వండి, ఇంటికెళ్ళేలోపు మర్చిపోతాను."

చీటీ రాసిచ్చాను. ఎడమవైపు పుస్తకం తీసి గడి నింపాను. అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్తే నవ్వుతారేమో. పిల్లని ఈ పుస్తకంలోంచి చెయ్యి పట్టుకుని ఆ పుస్తకంలోకి దాటించినట్టు అనిపించింది. మూడు రోజుల తర్వాత ఆ రోజే నాలుగు మెతుకులు తిన్నాను.

అలా ఒకరితో ఆపితే బాగుండేది. వారం తిరక్కుండా ఇంకొకళ్ళకి చెప్పాను. గుండెలో బరువుగా ఉన్నప్పుడల్లా ఎదురొచ్చినవాళ్ళకి చెప్పాను. ఆరుగురికి చెప్పాను. ఏడోవాళ్ళకి నేను చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే అడుగుతూ వచ్చారు.

పేరు అనేది ఒకసారి గడప దాటాక మన మాట వినదు. ఎనిమిది, తొమ్మిది, పదకొండు. వదినని చూసి మరదలు, మరదల్ని చూసి పక్కింటావిడ. బ్యాంకులో పనిచేసే మొగుడూ పెళ్ళాలు వచ్చి నాకే చరిత్ర చెప్పారు. "మీకు తెలుసా మాస్టారూ, పూర్వం ఒక రాణి ఉండేదట. ఆవిడ పేరు ఇది."

"రాణి కాదండీ. పడవవాడి కూతురు" అన్నాను.

"భలేవారే, మీకు తెలీదులెండి" అని ఆయన నవ్వాడు. ఇంకొకావిడ అది నది పేరంది. ఇంకొకాయన ఆ పేరుంటే చదువు బాగా వస్తుందని ఎవరో చెప్పారన్నాడు. నా ఎదురుగా కూర్చుని, నేను తవ్వి తీసిన పేరుకి కొమ్ములూ తోకలూ తగిలిస్తుంటే నేను వింటూ రాసుకుంటూ పోయాను. రాయడమే కదా నా ఉద్యోగం.

ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. బావ స్కూలు సంచీ అటకమీదకి ఎక్కించేశాడు. అక్క మిషను ముందు కూర్చుని దారం ఎక్కించకుండానే తొక్కుతుండేది. గుడ్డ కదులుతుంది, సూది దిగుతుంది, కుట్టు పడదు. బావ ఒకసారి చూసి నోరు తెరవబోయాడు. నేను వద్దని సైగ చేశాను. నెల తర్వాత తనే దారం ఎక్కించింది. హమ్మయ్య అనుకున్నాం.

వానలు సగంలో ఉండగా ఒక సాయంత్రం అక్క మేడమెట్లెక్కి పైకొచ్చింది. పిల్ల పోయాక పైకి రావడం అదే మొదలు. చేతిలో ఒక తెల్లగుడ్డ, దానికి గుచ్చిన చీటీ. ఎవరిదో పెన్సిలు రాత.

"ఇది మూడోది" అంది.

నేను చీటీ చూశాను. అవే మూడక్షరాలు.

"మొదటిది వచ్చినప్పుడు, ఎవరో తెలిసినవాళ్ళు మన పిల్ల మీద ప్రేమతో పెట్టుకున్నారేమో అనుకున్నా. కుట్టలేనమ్మా అని వెనక్కిచ్చేశా. రెండోదీ ఇచ్చేశా. ఈవిడనడిగితే, ఊళ్ళో ఇప్పుడు అందరూ ఇదే పెడుతున్నారంటోంది. నిజమేనా?"

"అవునక్కా. పేర్లకి అలాగే గాలి వీస్తుంటుంది. ఒక ఏడు ఒకటి, ఇంకో ఏడు ఇంకొకటి."

"ఎక్కణ్ణుంచి వచ్చిందిరా ఈ గాలి? డెబ్భై ఏళ్ళు ఎవరికీ పట్టని పేరు."

"ఏమో అక్కా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

అక్క మంచం అంచున కూర్చుంది. "నాలుగిళ్ళ అవతల కూడా పెట్టారు. ఆ ఇంట్లో ముసలావిడ పొద్దస్తమానం ఆ పేరు పెట్టి పిలుస్తూ పిల్లని ఆడిస్తుంది. పిలుపు వినపడగానే మిషను మీద నా కాలు ఆగిపోతుంది. లేచి గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొస్తుంది. రోజూ వెళ్తున్నానురా. రోజూ గుర్తొస్తుంది." నా చెయ్యి పట్టుకుంది. "ఆపు తమ్ముడూ. నీ దగ్గరికే కదా వస్తారు. రాయనని చెప్పు. కలం నీ చేతిలోనే ఉంది కదా."

"అలాగే అక్కా. నేను చూసుకుంటాను" అన్నాను.

చూసుకున్నాను, బ్రహ్మాండంగా! మర్నాడే నోటుపుస్తకంలో మంచి మంచి పేర్లు ఇరవై వెతికి పెట్టుకున్నాను. ఎవరికీ అక్కర్లేదు. ఆ పేరు పాతబడిపోయిందండీ అన్నాను. అందుకే బాగుంది సార్ అన్నారు. ఇంటిపేరుతో కలిస్తే వినడానికి బాగోదన్నాను. ఇంట్లో పిలుచుకునేది మేం కదా అన్నారు. ఒకరోజు సబ్బుల కొట్టాయన వస్తే ఇక తెగించాను. "ఆ పేరుకి అర్థం మంచిది కాదండీ. ఏడుపు అని అర్థం" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అదేంటి మాస్టారూ, మా మరదలికి మీరే కదా చెప్పారు, వానా వెలుగూ అని! మావాళ్ళకో అర్థం, మాకో అర్థమా? మా దగ్గరేమైనా తేడా ఉందా?"

"ఏమైనా సరే, నేను రాయను" అన్నాను.

ఆయన తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. పావుగంటకి నాకు పిలుపు. ఆఫీసరు ముందు గట్టిగానే అరిచాడు. "వాళ్ళ పిల్ల, వాళ్ళిష్టం. రాయనని చెప్పడానికి నువ్వెవరయ్యా?" అని కాగితం ముందుకు లాక్కుని పేరు చదివాడు. చదివి, ఆగిపోయాడు. సబ్బుల కొట్టాయన్ని బయట కూర్చోమన్నాడు.

"ఇది మీ అక్క కూతురి పేరు కదూ" అన్నాడు మెల్లిగా.

"అవును సార్."

"వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?"

నేను బల్లమీది పేపరువెయిటు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాసెయ్యి" అన్నాడు. "రాయక ఎవరికీ తప్పదు."

వెళ్ళి రాశాను. అది పంతొమ్మిదోది. ఆ తర్వాత వచ్చినవాళ్ళని ఒక్కమాట కూడా అనలేదు. ఇంటికొచ్చి అక్కతో, "తగ్గుతోందక్కా, ఈ వారం ఒక్కటే వచ్చింది" అని చెప్పేవాణ్ణి. ఆ వారం నాలుగు వచ్చుంటాయి.

వానలు వెనకపట్టు పట్టాయి. ఒక మంగళవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క ముందుగదిలో మిషను మూసి కూర్చుని ఉంది. నాకు మంచినీళ్ళిచ్చింది. తాగేదాకా ఆగింది. అప్పుడు మిషను మూత మీద ఒక చీటీ పెట్టింది.

నలుమూలలా మడతలు పడి, చెమటకి కాస్త అలుక్కుపోయిన చీటీ. మూడు నెలలు ఎవరి జేబులోనో పర్సులోనో భద్రంగా ఉన్నట్టుంది. గీతలేని కాగితం మీద కూడా గీత గీసినట్టు నిలబడిన గుండ్రటి అక్షరాలు మూడు.

"వడ్రంగి పెళ్ళాం ఇచ్చి వెళ్ళింది" అంది అక్క. "మాస్టారు స్వయంగా రాసిచ్చారు, ఈ రాతలోనే కుట్టండమ్మా అని అడిగింది. ఎంత బాగా చెప్పావో అర్థం, అది కూడా చెప్పింది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఎప్పుడు రాసిచ్చావురా?"

చెప్పాను. అదే రోజు, అదే బల్ల, కుడివైపు పుస్తకం మూసిన ఐదు నిమిషాలకి. "ఆ పేరు ఆ పుస్తకంలో ఆగిపోకూడదనిపించిందక్కా. ఇంకేం ఆలోచించలేదు. నీమీద ఒట్టు."

అక్క అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. తిట్టి, కొట్టి, ఇంట్లోంచి పొమ్మన్నా బాగుండేది.

"ఆగనివ్వాల్సిందిరా" అంది. "ఆ పేరు వింటే లోకంలో నాకొక్క మొహమే కనపడేది. ఇప్పుడు వినగానే ఎవరి పిల్లో అని చూడాల్సి వస్తోంది. నువ్వు దాన్ని బతికించావనుకున్నావు. నాకు మిగిలింది ఆ మూడక్షరాలే. అవి కూడా పంచిపెట్టేశావు."

"తప్పయిపోయిందక్కా. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"ఏం చేస్తావు? ముప్పైమంది ఇళ్ళకెళ్ళి వెనక్కి తెస్తావా?"

అక్క లేచి చీటీ తీసుకుని, మిషను మూత తీసింది. ఎర్రదారం వెతికి సూదికి ఎక్కించింది. "రేపు టీకాకి వస్తుందట, అక్కడే ఇచ్చెయ్యమంది" అంది. నేను భోజనం చెయ్యకుండానే పైకెళ్ళాను. మిషను చప్పుడు కాసేపు వినపడి ఆగింది. పేరు చేత్తోనే కుడుతుంది కదా, దానికి చప్పుడుండదు.

మర్నాడు బుధవారం. నా కిటికీలోంచి చూస్తే ఆరోగ్య కేంద్రం వరండా కనపడుతుంది. బెంచీలు నిండిపోయాయి. ఒకటే ఏడుపులు, గోల. మధ్యలో అక్క, ఒళ్ళో కాగితం పొట్లం. పక్కన వడ్రంగి భార్య పొట్లం విప్పి గౌను చూసి మురిసిపోతోంది, బిడ్డ గుండె మీద ఆనించి చూస్తోంది. అక్క కూడా వంగి చూసింది. బిడ్డ బుగ్గ ముట్టుకుంది అనుకుంటాను, దూరం నుంచి సరిగ్గా తెలియలేదు. పర్లేదు, తట్టుకుంది అనుకుని నేను కలం తీశాను.

నర్సమ్మ కొత్త. పాతావిడ ఎప్పుడో రిటైరయిపోయింది. ఈవిడ గొంతు ఆవరణంతా వినపడుతుంది. కార్డు తీసి, ఆ పేరు పెట్టి పిలిచింది.

బెంచీల మీంచి నలుగురు లేచారు. వడ్రంగి భార్య, సబ్బుల కొట్టాయన భార్య, ఇంకో ఇద్దరు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. "అబ్బో, ఇంతమందా! సరే, అందరూ వరసగా రండి" అని నర్సమ్మ కూడా నవ్వింది.

ఐదోది అక్క.

నేను కలం అలాగే పడేసి మెట్లు దిగి పరిగెత్తాను. వెళ్ళేసరికి అక్క వరసలో చివర నిలబడి ఉంది, చీర కొంగు సర్దుకుని, మెడ నిటారుగా పెట్టుకుని. చెయ్యి పట్టుకుని లాగేద్దామనుకున్నాను. అందరి ముందూ ఏమని లాగను? "అక్కా, ఇంటికెళ్దాం పద" అన్నాను చెవి దగ్గర. వినపడనట్టే ఉంది. నేనూ వెనకాల నిలబడ్డాను. ఒకరి తర్వాత ఒకరు, నలుగురు బిడ్డలూ సూది పొడిపించుకుని కేరుమన్నారు. తల్లులు భుజాన వేసుకుని పక్కకి తప్పుకున్నారు.

నర్సమ్మ తలెత్తకుండానే చెయ్యి చాపింది. "కార్డు." కార్డు రాకపోయేసరికి తలెత్తి అక్కని చూసింది. అక్క చేతుల వైపు చూసింది.

"బిడ్డేదమ్మా?"

"స్కూలుకెళ్ళింది" అంది అక్క.

"స్కూలుకెళ్ళే పిల్లకి ఇక్కడ టీకా ఏంటమ్మా? మరి మీరెందుకొచ్చారు?"

"మీరు పిలిచారుగా" అంది అక్క.